విశాఖపట్టణమున పగటి కొలతయు, దినచర్యయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రామ గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన పండుగనాడు విశాఖపట్టణపు పగళ్ల ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. పల్లెలో కోడికూతయు, పశువుల మేతయు, చేనిపనియు దినచర్యను నిర్ణయించును. గడియారము లేకున్నను పల్లె సూర్యుని తప్పిపోదు. పట్టణమునందు అట్లు గాదు. అచ్చట గంట కొట్టువాడొకడు, ఆ గంటకు నడచువాడు వేరొకడు. చదువునకో, ఓడరేవు పనికో, కర్మాగారపు కొలువునకో పల్లె విడిచి విశాఖ చేరిన బిడ్డ చేతికి గడియారము కట్టుకొనును గాని ఆకాశము వంక చూచుట మరచును. ఆ మరపువలన కలుగు నష్టమెంత, దానిని పూడ్చుకొను ఉపాయమేమి యనునదియే ఈ ప్రసంగ విషయము.

లెక్కతో ఆరంభించుట మేలు. విశాఖపట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17 అంశల 42 కళల దూరమున నున్నది. అందుచే జూన్ 21 ప్రాంతమున అచ్చటి పగలు 13 గంటల 11 నిమిషములు. డిసెంబరు 21 ప్రాంతమున 11 గంటల 4 నిమిషములు. ఘడియకు 24 నిమిషముల చొప్పున లెక్కించినచో పెద్దపగలు 33 ఘడియలు, చిన్నపగలు 27 ఘడియల 40 విఘడియలు. రెంటికిని భేదము 2 గంటల 7 నిమిషములు. లండను నగరమున వేసవి పగలు 16 గంటలు దాటును, శీతకాలపు పగలు 8 గంటలకు లోబడియుండును. అందుచే అచ్చటివారు వేసవి వచ్చినంతనే గడియారములనే ఒక గంట ముందునకు త్రిప్పుకొందురు. విశాఖవారికి అట్టి అగత్యము లేదు. అగత్యము లేదు గనుక ఆలోచనయు లేదు. రెండు గంటలే గదా యని త్రోసివేయుదురు. కాని దినమునకు రెండు గంటల ఆదాయము పెరిగి తరుగుచుండగా జమాఖర్చు వ్రాసికొనని గృహస్థుని వివేకి యందురా?

ఈ లెక్క పూర్వులకు తెలియనిది గాదు. వేదాంగ జ్యోతిషము మిక్కిలి పెద్దపగటికి 18 ముహూర్తములు, మిక్కిలి చిన్నపగటికి 12 ముహూర్తములు చెప్పినది. ఆ కొలత సుమారు 35 అంశల అక్షాంశమున నున్న ఉత్తరదేశమునకు సరిపడునే గాని ఆంధ్రతీరమునకు సరిపడదు. ఒక చోటి పగటి కొలతను వేరొక చోటికి మోసికొని పోరాదని తరువాతి సిద్ధాంతకర్తలు గ్రహించి, ప్రతి ఊరికిని పలభను కొలువుమనిరి. పగలును రాత్రియు సమానమగు దినమున, నడిమధ్యాహ్నము, 12 అంగుళముల శంకువు నీడయే పలభ. విశాఖలో అది 3 అంగుళముల 50 వ్యంగుళములు. దానిని పదిచేతను, ఎనిమిదిచేతను, పదింట మూడవ వంతుచేతను వేరువేరుగ గుణించి కూడినచో సుమారు 82 విఘడియలు వచ్చును. అనగా 33 నిమిషములు. పెద్దపగటినాడు సూర్యుడు సమపగటికంటె అంత ముందుగ పొడుచును, అంత వెనుకగ క్రుంకును. ఈ లెక్కకు పగలు 13 గంటల 5 నిమిషములు. నేటి శాస్త్రజ్ఞుల లెక్కకు కొలది నిమిషములే తక్కువ. గాలి కిరణములను వంచుటను, బింబపు పై అంచు కనబడిన క్షణమే ఉదయమనుటను నేటివారు చేర్చుకొనుటవలన ఆ భేదము కలిగినది. ఒక పుల్లయు, దాని నీడయు చాలును. ఏ ఊరివారైనను తమ పగటిని తామే కొలుచుకొనవచ్చును.

ఇక సామాన్యులకు వింతగొలుపు సంగతులు రెండు. మిక్కిలి చిన్నపగలు డిసెంబరు నెలలోనిది గనుక, మిక్కిలి ముందుగా ప్రొద్దు క్రుంకునదియు, మిక్కిలి ఆలస్యముగా తెల్లవారునదియు ఆ దినమే యని తలతురు. అది సరిగాదు. విశాఖలో మిక్కిలి ముందుగా ప్రొద్దు క్రుంకుట నవంబరు ద్వితీయార్ధమున. అప్పుడు సాయంకాలము 5 గంటల 20 నిమిషములకే సూర్యుడు మరుగుపడును. మిక్కిలి ఆలస్యముగా ఉదయించుట జనవరి ద్వితీయార్ధమున, సంక్రాంతి వెళ్లిన పిదప. అప్పుడు 6 గంటల 31 నిమిషములు కానిదే సూర్యుడు పొడచూపడు. భూమి సూర్యుని చుట్టు తిరుగు మార్గము సరియైన వలయము గాకపోవుటయు, భూమి అక్షము ఒరిగియుండుటయు దీనికి కారణములు. అందుచే నడిమధ్యాహ్నము కూడ గడియారమున స్థిరముగా నిలువదు. నవంబరు మొదట 11 గంటల 40 నిమిషములకు వచ్చు మధ్యాహ్నము ఫిబ్రవరి నడుమ 12 గంటల 11 నిమిషములకు వచ్చును.

ఇది పండితులు మాత్రము తెలిసికొని ఆనందింపవలసిన ముచ్చట గాదు. బడి విడిచిన పిదప వేరొక చోట పాఠము చెప్పించుకొని ఇంటికి మరలు బాలికకు చీకటి భయము ఎక్కువగా నుండు మాసము నవంబరు. వేకువనే బస్సు పట్టుకొను బాలునకు, ఉదయపు వంతు పనికి పోవు కూలికి చీకటి ఎక్కువగా నుండు మాసము జనవరి. విశాఖలో సూర్యుడు క్రుంకిన పిదప మిగులు సంజవెలుగు సుమారు ఒక్క ఘడియ మాత్రమే. ఉత్తరదేశములందువలె అది గంటల తరబడి నిలువదు. కావున నవంబరులో 5 గంటల 45 నిమిషములు దాటినదనగా వీధిదీపము లేని సందు రాత్రియే. సాయంకాలపు పాఠములకు వేళలు పెట్టువారు ఈ ఒక్క సంగతి గుర్తించి, కార్తీక మార్గశిర మాసములందు అరగంట ముందుగా విడిచినచో ఎందరు తల్లుల గుండెలు కుదుటపడును!

పట్టణమునకు కాలము చెప్పిన వారి చరిత్రయు తెలియదగినది. 1840 ప్రాంతమున గోడే వెంకట జగ్గారావు విశాఖలోని డాబాగార్డెన్సులో స్వంత ధనముతో నక్షత్రశాల నెలకొల్పెను. ఆయన మద్రాసు నక్షత్రశాలలో టేలరు కడ ఖగోళవిద్య నభ్యసించినవాడు. డాల్ఫిన్సు నోసు కొండమీద ధ్వజస్తంభము నిలిపి పౌరులకు వేళను సూచించు ఏర్పాటు చేసెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పనిని కొనసాగించెను. ఆ దినములలో ఊరి సూర్యుడే ఊరి గడియారమునకు యజమాని. పిదప రైళ్లకు మద్రాసు కాలము వాడుకలోనికి వచ్చెను. 1906 జనవరి 1 నుండి 82 అంశల 30 కళల రేఖనుబట్టి భారత ప్రామాణిక కాలమేర్పడెను. ఆ రేఖ కాకినాడకు కొంచెము తూర్పుగ పోవును. కావున విశాఖకు తన సూర్యుని కాలమునకును గడియారపు కాలమునకును సగటున 3 నిమిషముల భేదమే. పడమటి తీరమున ద్వారకకు ఆ భేదము 54 నిమిషములు. తూర్పున అస్సాములోని తేయాకు తోటలవారు గడియారమును ఒక గంట ముందునకు జరిపి తోటకాలమని వేరుగ పెట్టుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942 నుండి 1945 వరకు, దేశమంతటను గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. కావున గడియారపు వేళ వేదవాక్యము గాదు. మనుష్యులు తమ అవసరమునకు ఏర్పరచుకొన్నది. అవసరము కలిగినపుడు మార్చుకొన్నది.

విశాఖలో సూర్యునితోడనే బ్రతుకువారు జాలరులు. రాత్రి నేల చప్పున చల్లారును, సముద్రము వెచ్చదనమును నిలుపుకొనును. అందుచే వేకువను గాలి నేలనుండి కడలివైపునకు వీచును. పగలు నేల ముందుగ వేడెక్కును. మధ్యాహ్నము గాలి కడలినుండి నేలవైపునకు మరలును. తెరచాపల తెప్పలవారు వేకువ గాలితో లోనికి పోయి, పగటి గాలితో ఒడ్డు చేరెడివారు. యంత్రపు పడవలు వచ్చిన పిదప గాలి కొరకు కాచుకొనుట తగ్గినది గాని, చేపల బేరము నేటికిని తెల్లవారుజాముననే సాగును. ఎండ ముదిరినకొలది సరుకు చెడును, ధర పడిపోవును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని యంత్రపు పడవలకు వేట నిషేధము. పగళ్లు మిక్కిలి పొడవైన ఆ 2 మాసములందే రేవున పడవలు కట్టుబడియుండును. వలలు బాగుచేసికొనుటకు వెలుగు చాలినంత, చేతికి రాబడి మాత్రము కొరత. వెలుగెక్కువైన కాలమెల్ల ఆదాయపు కాలము గాదని ఇందువలన తెలియుచున్నది.

తీరమున నిలిచి చూచువానికి సూర్యుడు ఏడాది పొడుగున ఒక్క చోట పొడువడు. డిసెంబరులో తూర్పునకు 25 అంశలు దక్షిణముగ, నడికడలినుండి లేచును. జూన్ నెలలో 25 అంశలు ఉత్తరముగ, భీమిలివైపు జరిగి లేచును. తూర్పు కిటికీలు గల ఇంటివారు ఏ గదిలో ఏ మాసమున ఎండ పడునో దీనిని బట్టి ఎరుగవచ్చును. మే 10 ప్రాంతమునను, ఆగష్టు 2 ప్రాంతమునను మధ్యాహ్నము సూర్యుడు సరిగ నడినెత్తిమీదికి వచ్చును. ఆ క్షణమున నిలువు స్తంభమునకు నీడ యుండదు.

నీడనుబట్టి ఒక సులభమైన సూత్రము చెప్పుకొనవచ్చును. మనుష్యుని నీడ అతని పొడవుకంటె పొట్టియైనచో ఎండ తీవ్రమని యెరిగి పంచ చేరవలెను. మే 10న ఈ పొట్టినీడ ఉదయము 8 గంటల 45 నిమిషములకు ఆరంభమై సాయంకాలము 3 గంటల వరకు నుండును. అనగా ఆరుగంటలకు పైన. డిసెంబరు 21న 10 గంటల 40 నిమిషములు మొదలు 1 గంట 10 నిమిషముల వరకే, అనగా రెండున్నర గంటలు మాత్రమే. చదువురాని కూలియు ఈ సూత్రమును పాటింపగలడు; గడియారము కొననక్కరలేదు. సముద్రతీరమున గాలిలో తేమ యెక్కువ. చెమట ఆరదు. చెమట ఆరనిచో దేహము చల్లబడదు. కావున ఉష్ణమాపకమున అంకె లోతట్టు జిల్లాలకంటె తక్కువగా నున్నదని విశాఖలో ధైర్యపడరాదు.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యకొక అధ్యాయమును, ఋతుచర్యకొక అధ్యాయమును వేరుగ పెట్టెను. బ్రాహ్మీముహూర్తమున మేల్కొనుమనెను. గ్రీష్మమున వ్యాయామమును, ఎండను వర్జింపుమనెను. తక్కిన ఋతువులందు పగటినిద్రను దూషించినవాడు గ్రీష్మమున మాత్రము దానిని అనుమతించెను. ఇది తీరిక గలవానికి చక్కగ సరిపడును. తాపీపనివాడు, మూటలు మోయువాడు, రోడ్డుమీద తారు పోయువాడు తన వేళను తానే నిర్ణయించుకొనగలడా? గంట యెవని చేతిలో నున్నదో ఋతుచర్య వాని చేతిలోనే యున్నది. 2003, 2015 సంవత్సరముల వేసవులలో, ఒక్కొక్క వేసవియందు ఆంధ్రదేశమున వేయిమందికి మించి వడదెబ్బచే మరణించిరి. ఎండలో కష్టపడి పొట్ట పోసికొనువారు, దిక్కులేని వృద్ధులు ఇట్టి మరణములకు ముందుగ గురియగుదురు. పెద్దపగటి కాలమున విశాఖలో సూర్యోదయము 5 గంటల 20 నిమిషములకే యగును. వెలుగు 5 గంటలకే వచ్చును. 5 గంటల 30 నిమిషములకు పని మొదలిడినచో 9 గంటల 30 నిమిషములకు నాలుగు గంటల పని ముగియును. సాయంకాలము 3 గంటల 30 నిమిషములకు మరల దిగినచో ప్రొద్దుండగనే మూడు గంటల పని జరుగును. యజమానికి నష్టము లేదు. కూలికి ప్రాణము దక్కును.

వేసవిలో ఒంటిపూట బడులు నడుపుట ఆంధ్రదేశమున చిరకాలపు అలవాటు. ఋతువునుబట్టి గంటను మార్చవచ్చునని దీనిచే ప్రభుత్వమే అంగీకరించినట్లయినది. అయినను అందొక లోపము కలదు. మధ్యాహ్నము 12 గంటలు దాటిన పిదప బడి విడుచుటవలన పిల్లలు పొట్టినీడ వేళనే ఇండ్లకు నడచుచుందురు. ఒక గంట ముందుగ తెరచి, ఒక గంట ముందుగ మూయుట మేలుగదా యని తోచును. కాని దీనికి ప్రత్యుత్తరమును వినవలెను. బడి ఆరుంబావునకు తెరచినచో తల్లి నాలుగింటికే లేవవలెను. ముందుగ తెల్లవారిన ఇంట అందరికంటె ముందుగ మేల్కొనునది ఇల్లాలే. అందరికంటె వెనుక పండుకొనునదియు ఆమెయే. నీళ్ల కుళాయి వేళయు, పాలవాని వేళయు, బస్సు వేళయు మారక బడి వేళ మాత్రము మారినచో భారమంతయు ఆమె నెత్తిన పడును. కావున వేళల మార్పు ఇంటి యందరును కూర్చుండి నిర్ణయించుకొనవలసినది. ముందుగ లేచినవారికి మధ్యాహ్నము రెండు ఘడియల విశ్రాంతి యిచ్చుట ఆ నిర్ణయమున మొదటి అంశముగ నుండవలెను.

వానకాలమున లెక్క మరియొక విధము. పగలు పొడవైనను మబ్బు వెలుగును హరించును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ముసురు పట్టిన ఇండ్లలో వంటకు పడు పాట్లను వర్ణించినది ఊరక గాదు. ఆ కాలమున ఎండ తగిలిన పూటయే బట్టలకు, వడియములకు, ఇసుకపై ఆరవేయు చేపలకు పూట. ప్రొద్దుట ఎండ కనబడినచో తక్కిన పనులు ఆపియైనను ఆరవేయు పని ముందుగ జరుపుకొనవలెను. ఇక అక్టోబరు తుఫానుల మాసము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినపుడు నగరమునకు కొన్ని దినములు విద్యుత్తు లేకుండెను. ఆ దినములలో ప్రొద్దు క్రుంకుట 5 గంటల 37 నిమిషములకు. లక్షల జనము గల నగరము ఒక్కసారిగా సూర్యుని లెక్కకు మరలవలసివచ్చెను. నీరు పట్టుకొనుట, వంట, రోగులను చూచుట, విరిగిన చెట్లు తొలగించుట యన్నియు పగటివేళకే పరిమితము లయ్యెను. పగటి కొలత తెలిసికొనియుండుట ఆపత్కాలమున ఎంత యుపయోగమో దానివలన తేటపడినది.

పంచాంగము చూచువారికొక మాట. సోమవారపు రాహుకాలము ఏడున్నర మొదలు తొమ్మిది వరకని కంఠపాఠము చేయుదురు. ఆరింట ఉదయించి ఆరింట క్రుంకు దినమునకే అది సరి. రాహుకాలము పగటిలో ఎనిమిదవ భాగము. విశాఖలో జూన్ 21 ప్రాంతమున ఆ భాగము 99 నిమిషములు. సోమవారపు రాహుకాలము 7 గంటల 2 నిమిషములకు మొదలై 8 గంటల 41 నిమిషములకు ముగియును. డిసెంబరు 21 ప్రాంతమున 83 నిమిషములే. 7 గంటల 46 నిమిషములకు మొదలగును. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు నమ్మరు. నమ్మువారైనను సూర్యుని చూచి నమ్ముట శాస్త్రసమ్మతము.

కడపట చదువు సంగతి. డిసెంబరులో విశాఖ రాత్రి 12 గంటల 56 నిమిషములు. జూన్ నెలలో 10 గంటల 49 నిమిషములు. శీతకాలమున పగలు పోగొట్టుకొన్న రెండు గంటలు ఎచ్చటికిని పోలేదు. రాత్రి పద్దున జమపడినవి. ఎండ లేదు, ఉక్క లేదు, ముసురు లేదు. చదువుకొనువానికి అంతకంటె మంచి కాలము లేదు. పట్టణమున వసతిగృహములందున్న విద్యార్థులు కార్తీకము మొదలు మాఘము వరకు సాయంకాలపు చదువును పెంచి, వేసవిలో వేకువ చదువును పెంచినచో దేహమునకు శ్రమ తగ్గి ఫలము పెరుగును. గ్రంథాలయములకును ఇదే న్యాయము. వేసవిలో వేకువనే తలుపు తెరచి పొట్టినీడ వేళ మూయుటయు, శీతకాలమున దీపము పెట్టిన పిదప ఒక గంట అధికముగ తెరచియుంచుటయు చదువరులకు మేలు చేయును. పనినుండి మరలినవాడు వచ్చువేళకు మూసియున్న తలుపువలన పుస్తకములకు ధూళియే మిగులును.

ఈ రజతోత్సవమునకు గుర్తుగ గ్రంథాలయపు ముంగిట 12 అంగుళముల శంకువొకటి నిలుపుట మంచిది. దానికి వ్యయమేమియు లేదు. బడిపిల్లలు ప్రతిమాసమును మధ్యాహ్నపు నీడను కొలిచి ఒక పుస్తకమున వ్రాయవచ్చును. ఉదయాస్తమయముల వేళలను తలుపు ప్రక్క పలకమీద వారమున కొకసారి వ్రాసిన మరియు మేలు. ఆ పిల్లలే రేపు విశాఖకు పోవుదురు. వారిలో కొందరు గంటకు నడచువారగుదురు, కొందరు గంట కొట్టువారగుదురు. గంట కొట్టువాడు నీడను కొలుచుట నేర్చినవాడైనచో అతని క్రింద పనిచేయువారు సుఖపడుదురు.

స్వస్తి.